తొట్టిలో తీర్పు

“మావా, పిల్లిని కిందకి దింపు. అది మాది.”

బలరామ్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. ముసలయ్య పిల్లిని రెండు చేతులా గుండెకు అదుముకున్నాడు గానీ దింపలేదు. పక్క క్వార్టర్లో ఒంటరిగా ఉండే మనిషి. పెరటి గోడ మీద పడుకున్న పిల్లిని ఇప్పుడే పట్టుకున్నాడు.

“మీదెలగవుద్దిరా? నాలుగు రోజులై ఎతుకుతన్నాను. కద్మా అంతా తిరిగినాను. జుగ్సలాయి బజారు దాకా ఎల్లినాను. ఇదే నా పిల్లి.”

“నీ పిల్లి ఎటో పోయుంటాది. ఇది రాత్రి నా మంచం మీదే పడుకున్నాది.”

“మా యింటిది పోయి నెల తిరగనేదురా బలరామ్. ఇంట్లో ఊపిరున్నది ఇదొక్కతే. ఇదీ నేకపోతే నానెవలితో మాటాడాల?”

బలరామ్ తల దించుకున్నాడు. అయినా పక్కకు తప్పుకోలేదు. డ్యూటీ దిగి వచ్చి సైకిల్ ఆపగానే గేటు దాకా ఎదురొచ్చే పిల్లి అది. ఊరికే ఇచ్చేయడానికి మనసొప్పలేదు.

చిక్కేమిటంటే, రేషన్ షాపు గోనెల మధ్య ఒకే ఈతలో పుట్టిన రెండు ఆడ కూనలను ఇద్దరూ చెరొకటి తెచ్చుకున్నారు. రెండూ తెలుపే. రెండింటికీ తోక చివర నలుపే. పైగా ఆ ఉక్కు ఫ్యాక్టరీ ఊరి మసి పట్టి రెండూ బూడిద రంగుకు తిరిగాయి.

గొడవ విని ఎదుటి క్వార్టర్ కూర్మారావు వచ్చాడు. అతను క్రేన్ నడుపుతాడు. అందుకే ఏ తగువైనా తనకు పైనుంచి చూసినట్టు తేటగా కనపడుతుందని అతని నమ్మకం.

“అరే, సునో. దీనికింత గొడవేటి? నీళ్లు పోసి సూద్దాం.”

“నీళ్లు పోత్తే మసి పోతాది. రెండూ తెలుపే కదా!” అన్నాడు బలరామ్.

“రంగు కోసం కాదురా బాబూ, గుణం కోసం. నీళ్ల కాడ ఏ పిల్లి బుద్ధి ఆ పిల్లిదే. మా యమ్మ పెంచిన పిల్లి చెంబు సూత్తేనే ఈదంతా ఇనబడేలా ఏడ్చేది. మా క్యాంటీన్ పిల్లి చచ్చినట్టు కాళ్లు చాపేత్తాది. ఆదిత్యపూర్లో మా బామ్మర్ది పిల్లుంది, అది తనే ఎల్లి కుళాయి కింద కూకుంటాది. మీ పిల్లి ఎలగ సేత్తాదో ముందు సెప్పండి. తరవాత పోద్దాం. బస్, ఫైసలా! తీర్పు తేలిపోతాది.”

“అక్కచెల్లెళ్లు కదా, రెండూ ఒక్కలాగే సేత్తే?”

“నానూ మా తమ్ముడూ ఒక్కలాగున్నామేటి?”

ముసలయ్య గొంతు సవరించుకున్నాడు. “నాది గీరేత్తాది. తొట్లో ఒక కాలెట్టిందంటే ఇంక ఆగదు. మా యింటిది మోచేతుల దాకా గీయించుకునేది. అయినా ప్రతి ఆదివారం పోసేది, మసితో పడుకోనిత్తానేటి అని.”

“మరి నీదిరా?” అని కూర్మారావు బలరామ్ వైపు తిరిగాడు.

బలరామ్ తెల్లమొహం వేశాడు. పిల్లికి స్నానం చేయించేది భార్య. అతను ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు.

“గౌరీ! ఇలా రా. మన పిల్లి సంగతి సెప్పు.”

గౌరీదేవి అప్పటికే గుమ్మంలో ఉంది. ముసలయ్య మాటలన్నీ విన్నది. పిల్లి వంక చూసింది, దాన్ని పట్టుకున్న చేతుల వంక చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

“మాదలగ కాదన్నయ్యా. నీళ్లు పోత్తే కళ్లు మూసుకుని కూకుంటాది. గోరు బయటెట్టదు.”

బలరామ్ హుషారయ్యాడు. “ఇన్నావా మావా? ఇంకేటి, తెచ్చి తొట్లో ఎయ్యి!”

కుంపటి మీద నీళ్లు గోరువెచ్చగా కాచి గౌరీదేవే ఇనప తొట్టిలో పోసింది. “చెవుల్లోకి పోనీకండి” అని చెప్పి దూరంగా నిలబడింది. ఎవరి పక్షమూ కాదని కూర్మారావే చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు.

పిల్లిని తొట్టిలో నిలబెట్టి మొదటి చెంబు పోశాడు. పిల్లి కళ్లు మూసుకుని బిగుసుకుపోయింది. కదల్లేదు.

“సూసినారా, కూకున్నాది!” అన్నాడు బలరామ్.

ముసలయ్య గేటు ఊచ పట్టుకున్నాడు.

సబ్బు రుద్ది రెండో చెంబు పోశాడు. సబ్బు నురగ నల్లగా దిగింది. పిల్లి ఒక్కసారి కళ్లు తెరిచింది.

“అరే బాప్ రే!”

చెంబు ఒకవైపు పడింది, కూర్మారావు ఒకవైపు పడ్డాడు. పిల్లి అతని చెయ్యెక్కి, భుజమెక్కి, అక్కణ్ణుంచి ముసలయ్య కాళ్ల దగ్గరికి దూకింది. కూర్మారావు మోచేతి నుంచి మణికట్టు దాకా మూడు ఎర్ర గీతలు తేలాయి.

“ఇంకేటి సూత్తారు?” అని చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. “ముసలయ్యదే. పక్కా!”

ముసలయ్య పిల్లిని తువ్వాలులో చుట్టాడు. అదే తువ్వాలు కొసతో కళ్లు తుడుచుకున్నాడు. గేటు దాటబోతూ ఆగి, బలరామ్ భుజం మీద చెయ్యి వేశాడు.

“దిగులెట్టుకోకురా. నీదీ తిరిగొచ్చేత్తాది.”

“ఎండలో ఆరనీ బాబాయ్,” అంది గౌరీదేవి.

కూర్మారావు కూడా చేతికి మందు రాసుకోవడానికి వెళ్లిపోయాడు. బలరామ్ మెట్టు మీద కూలబడ్డాడు.

“అయితే నాలుగు రోజులై ఆయన పిల్లికే మనం అన్నమెట్టినామన్నమాట. మరి మన పిల్లి ఏటైపోనాదే గౌరీ?”

గౌరీదేవి తొట్టి వంచి నల్ల నీళ్లు కాలవలోకి పారబోసింది.

“ఇప్పుడు తువ్వాల్లో ఎల్లిందే మన పిల్లి, అదీ గీరేత్తాది. నాలుగు రోజుల కిందట లారీ కింద పడింది ఆయనది, గోడెనకాల నానే కప్పెట్టినాను.”