ఒక్క సూదికి మనిషైన కోతి

కోతికి సూది గుచ్చగానే తెర మీద మనిషి లేచి నిలబడ్డాడు.

డేరా టాకీసు ఈలలతో దద్దరిల్లింది.

బెంచీ మీద కూర్చున్న రఘుపతి సారుకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆయన కోస్గి బడిలో సైన్సు పంతులు. జీవులు మారుతూ వచ్చిన పాఠం చెప్పినందుకు ఆ ఏడు, పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో, ఊరు ఆయన మీద గుర్రుగా ఉంది. ఆ పాఠం ఆపకపోతే పిల్లల్ని బడి మాన్పిస్తామని గొర్రెల కాపరి పోచయ్య పదిమందిని కూడగట్టాడు కూడా.

సరిగ్గా అప్పుడే దిగింది ఈ బొంబాయి సినిమా!

"సారూ, గా సూదేదో మా పొట్టేలుకు గూడ ఎయ్యరాదు! మనిషై గొర్లు గాస్తది" అని నేల మీంచి పోచయ్య కేకేశాడు.

జనం గొల్లుమన్నారు.

రీలు మార్చడానికి దీపాలు వెలిగాయి. రఘుపతి ఒక్క అంగలో వెళ్లి డేరా యజమాని లింగస్వామి చేతిలో మైకు లాక్కున్నాడు.

"గిదంత అబద్ధం! ఏ కోతీ సూదిమందుకు మనిషి కాదు. గీ కోతి మనకు తాత గూడ గాదు. ఎన్కట మనకూ దానికీ ముత్తాత ఒక్కడే, గంతే. ఇగ గా కోతి తోలు తొడుక్కున్న మొద్దెవడో, పుట్టి బుద్ధెరిగి కోతిని చూడలే!"

మళ్లీ నవ్వులే. పాఠం ఎవరికీ ఎక్కలేదు. రేపు బడి ఖాళీయేనని సారుకు అర్థమైపోయింది.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఎవరో లేచాడు. నడివయసు మనిషి, గళ్ల చొక్కా, ఊరికి కొత్త ముఖం.

"సార్, మీరు జెప్పుండ్రి. నేను జేసి చూపెడ్త."

నేల మీద కూర్చున్నవాళ్లను చేయి పట్టి లేపి తెర ముందు వరసగా నిలబెట్టాడు. మొదట తానే నేలకు చేతులానించి వంగాడు. పక్కవాణ్ని కొంచెం తక్కువ వంగమన్నాడు. ఆ పక్కవాణ్ని ఇంకొంచెం తక్కువ. చివర నిటారుగా పోచయ్య!

కొత్త మనిషి భుజాలు ఊపి ఒక్క అరుపు అరిచేసరికి పిల్లలు కెవ్వుమని తల్లుల ఒళ్లో దూరారు.

రఘుపతికి ప్రాణం లేచొచ్చింది.

"చూడుండ్రి! గీ వరసల ఎవడన్న మారిండా? ఎవ్వడు మారలే! బిడ్డకూ తండ్రికీ రవ్వంత తేడా. గా తేడాలే లచ్చల ఏండ్లు కూడుకుంట వచ్చినయి!"

పోచయ్య వరస పొడవునా కళ్లు తిప్పాడు.

"ఓర్నీ! మా మందల గూడ గంతే గద, ఏ పిల్లా అచ్చం తల్లి లెక్క ఉండదు. గిదా సారూ నువ్వు జెప్పేది? జెప్పు, బడికి పిల్లల నేనే తోలుకొస్త!"

చప్పట్లు మిన్నంటాయి. రఘుపతి సంతోషం పట్టలేక కొత్త మనిషిని వాటేసుకున్నాడు.

"గా మొద్దుకు బదులు నువ్వుంటే సినిమ ఎంత బాగుండు!"

"పాపం, ఎట్ల జేయమంటే గట్ల జేసిండేమొ సార్" అని అతను నవ్వాడు.

ఆట వదిలాక రఘుపతి డేరా అంతా వెతికాడు. రేపు బడిలో పిల్లల ముందు కూడా అతను కావాలి.

"ఏడున్నడు లింగస్వామీ గాయన?"

"లారీ ఎక్కి పోయిండు సార్. తాండూరుల బొంబాయి రైలు ఎక్కాల్నట."

"ఇంతకూ ఎవరు?"

లింగస్వామి రీలు చుట్టడం ఆపాడు.

"చిన్నప్పుడే అవ్వయ్యలెంట బొంబాయి మట్టిపనికి పోయిన మనూరోడే సార్, గా కోతి తోల్ల ఉన్నది గాయననే, మొకం కనవడకున్నా సొంతూరోళ్లు ఏమంటరో ఒక్కపారి ఇని పోదామని వచ్చిండు."