పనికిరాని సందు

సభ మొదలయ్యేసరికి సందు మొత్తం ఇనుప సామాను కొట్టాయన గుప్పిట్లో ఉంది.

"ఈ సందు ఇరుకు. వెలుతురు లేదు, కాలువ లేదు. కాపురాలకు పనికిరాదని, పడగొట్టి కొత్తగా కట్టాలని మున్సిపాలిటీ ప్రతిపాదన" అని చదివాడు అధికారి. "ఇక్కడ ఉండలేమనే వాళ్లు చెయ్యెత్తండి. ఒక్కరూ ఎత్తకపోతే ఈ సందును కూల్చే జాబితాలోంచి తీసేస్తాం."

కొట్టాయన కాలు మీద కాలేసుకున్నాడు. సందు పోతే కొట్టు పోతుంది. కొట్టు పోతే తనను పిలవడానికి జనానికి పేరు కూడా మిగలదు. అందుకే వారం నుంచి గడప గడపా తొక్కాడు. ఇస్త్రీ ఆయన ఇంటిపైకి కొత్త రేకులు వేయించాడు. దర్జీతో ఉన్న పాత తగువును తనే తగ్గి తెంపుకున్నాడు. ఎవరి తూకం వాళ్లకు వేశాడు.

"ఏం బావా, చెయ్యి దురదగా ఉందా?" అని పక్కనున్న దర్జీని గిల్లాడు.

"ఉన్నా గోక్కోనులే. ఎత్తాననుకుని నువ్వు గుండాగి చస్తావ్."

హాల్లో ఒక్క చెయ్యీ కదల్లేదు. ఆ ఊపులో కొట్టాయన లేచి నిలబడ్డాడు.

"చూశారుగా సార్! మనిషికి మనిషి ఆసరా ఉన్న చోటు పనికిరానిదెట్లా అవుతుంది? ఒక్కరంటే ఒక్కరు చెయ్యెత్తమనండి. కూల్చడానికి గడ్డపారలు నా కొట్లోంచే ఇస్తా, ఊరికే!"

నవ్వులు, చప్పట్లు. అధికారి కలం మూత పెట్టబోయాడు.

వెనక, ఆడవాళ్ల వరుసలో ఒక చెయ్యి లేచింది.

"ఎవరమ్మా అది?" కొట్టాయన మెడ సాచాడు. "ఇంకా ఏం కావాలి నీకు?"

ఆమె లేచి నిలబడింది. కొట్టాయన భార్య. అన్ని గడపలూ తొక్కినవాడు తన గడప దగ్గర మాత్రం ఆగి అడగలేదు.

"నువ్వా! కూర్చో ముందు. ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంట్లో ఎన్నాళ్ల నుంచో నేనొక్కదాన్నే మాట్లాడుకుంటున్నాను."

"చెప్పండమ్మా" అన్నాడు అధికారి.

"మా పాపకు ఊపిరాడని రోజు అంబులెన్స్ వచ్చింది సార్. లోపలికి రాలేకపోయింది. పాపను ఎత్తుకుని నేనే దాని దగ్గరికి పరిగెత్తాను. చేరేసరికే నా భుజం మీద బరువు మారిపోయింది."

"సందు అంత ఇరుకా?"

"మొదట్లో కాదు సార్. ఈయన కొట్టు అరుగును రోడ్డు మీదికి పెంచాక ఇరుకైంది. ఆ అరుగు మీద సంపాదించిందంతా కొట్లో భద్రంగా ఉంది. పాపొక్కతే లేదు."