హిందూపురం దాకా మూడు గ్యాలన్లు

సంజీవప్ప సావుకారు తన వ్యాను డీజిల్ ట్యాంకు అడుగు బోల్టు విప్పించి, ఆఖరి చుక్క కారేదాకా పక్కనే నిలబడ్డాడు.

తర్వాత కొలిచి మూడు గ్యాలన్లు పోయించాడు. మూత తనే బిగించాడు.

"ఈ బండి సంపాదించేదంతా డీజిలుకే పోతాండాది. దీంతో ధర్మవరం నుంచి హిందూపురం చేరాల, ఎర్రిస్వామీ. మధ్యలో ఆగిపోయిందా, సోమవారం బెంగుళూరు నుంచి పాత ఇనుము కొనేవాడు వస్తాండాడు. బండి వానికిచ్చేస్తా. నీకియ్యడానికి నా దగ్గర ఇంకో బండి లేదు."

ఆ మాట చెప్పి రైలుకు వెళ్ళిపోయాడు. హిందూపురం మండీ దగ్గర నిలబడి చూస్తాడట.

యుద్ధకాలం నాటి వ్యాను అది. పెట్రోలు ఇంజను పీకేసి డీజిల్ ఇంజను పెట్టించి ఆరేళ్ళయింది. దాన్ని తోలడం తప్ప నాకు ఇంకో పని రాదు. యాభైకి దగ్గరపడ్డ డ్రైవరును కొత్తగా ఎవడు పెట్టుకుంటాడు? ఒళ్ళు మండుతున్నా ఎక్కి స్టీరింగు పట్టుకున్నాను.

మెకానిక్ పోతులయ్య నా పక్కన కూర్చున్నాడు. మూడు రోజులుగా వాడు బండి కింద నుంచి లేవలేదు. డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పి కడిగాడు. గాలి ఫిల్టరు దులిపాడు. టైర్లలో గాలి గట్టిగా పట్టించాడు.

"పొగ చూడన్నా, నల్లగా లేదు," అన్నాడు వెనక్కి తొంగి చూసి. "పోసిందంతా కాలుతాండాది."

"చూస్తాండాలే. నువ్వు కదలకుండా కూర్చో."

వెనక పదిహేను మూటల వేరుశనక్కాయలు. రోడ్డు ఖాళీ. ముప్పై మైళ్ళ వేగం దాటనివ్వలేదు. బ్రేకు తొక్కితే ఆ వేగం మళ్ళీ అందుకోవడానికి డీజిల్ దండగ. అందుకని దాని మీద కాలే పెట్టలేదు.

పెనుకొండలో కూడా యాక్సిలరేటరు వదిలేసి, బండి తనంతట తను ఆగేదాకా ఊరుకున్నాను.

ట్యాంకులో పుల్ల ముంచి చూశాం. ఒకటింబావు గ్యాలను మిగిలింది. ఇంకా ఇరవై మూడు మైళ్ళు పోవాలి.

"సాలదు," అన్నాను.

"చేరతామన్నా. నేనొక పని చేసిపెట్టినా."

"ఏం పని?"

"చేరినాక చెప్తాలే."

నా దగ్గరా ఒక ఉపాయం ఉంది. నేనూ వాడికి చెప్పలేదు. సావుకారుకు తెలిస్తే చెప్పు తీసుకుంటాడు.

ఊరు దాటాక దిగుడు వచ్చింది. డ్రైవర్లందరం చాటుగా చేసేదే. గేరు తీసేసి, ఇంజను ఆపే పిడి లాగాను.

చప్పుడు ఆగిపోయింది. చుక్క డీజిల్ తాగకుండా బండి పరుగెత్తుతోంది. నాకు నవ్వొచ్చింది. రా సావుకారూ, ఇప్పుడు కొలుచుకో!

పోతులయ్య మొహంలో నెత్తురు లేదు.

"అన్నా, ఇంజను ఆపినావా?"

"ఆపినా. ఏం?"

"బ్రేకులు వదులు చేసినా నేను. చక్రాలు పట్టుకోకుండా తేలిగ్గా తిరుగుతాయని."

బ్రేకు తొక్కాను. పెడలు నేలకు అంటుకుంది.

వాణ్ణి ఏమేం తిట్టానో నాకు గుర్తులేదు.

దిగుడు చివర మోరీ వంతెన మీద ఆడవాళ్ళు. ఒంటిపూట కలుపు తీసి ఇళ్ళకు పోతున్నారు. పదిమంది దాకా ఉంటారు, రోడ్డంతా వాళ్ళే, వీపులు మా వైపు.

హారను బుడ్డి ఒత్తాను. దానికి ఎప్పటినుంచో చిల్లి. ఉత్త గాలి వచ్చింది.

"తప్పుకోండమ్మో!" అని అరుస్తూ బ్రేకు మళ్ళీ తొక్కాను. మళ్ళీ తొక్కాను. మూడోసారికి కొంచెం పట్టింది. మూడో గేరు కరకరమంటూ పడింది. క్లచ్ వదిలేశాను, ఆగిన ఇంజను చక్రాలను పట్టి లాగింది. పోతులయ్య రెండు చేతులతో చేతిబ్రేకును పట్టుకుని వేలాడుతున్నాడు.

మూటలు వచ్చి మా వెనక రేకును గుద్దాయి.

ఆగింది.

చివర నడుస్తున్న ముసలామెకూ మా బంపరుకూ మధ్య జానెడు. ఆమె చంకలో మనవరాలు నిద్రపోతోంది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. కోపం కూడా రాలేదామెకు.

"ఏమబ్బా, సప్పుడు లేకుండా వస్తే మాకెట్ల తెలుస్తాది?"

ఆమె పాపను ఇంకో చంకకు మార్చుకుని పక్కకు జరిగింది.

మిగతా దారంతా ఇంజను ఆపలేదు. బ్రేకు అక్కర్లేనంత నెమ్మదిగా, ఎడ్లబండి కంటే కాస్త నయంగా పోయాం.

సావుకారు మండీ ముందే ఉన్నాడు. తనే పుల్ల ముంచాడు, ఎండకు పట్టి చూశాడు. కొసన రెండు వేళ్ళ తడి.

"గెలిచినారు కదప్పా!" అని నా భుజం చరిచాడు. "బండి అమ్మనులే. రేపటి నుంచి రోజూ మూడు గ్యాలన్లే. ఈ పొద్దు ఎట్ల తోలినావో అట్లే తోలు."

ఆ మాట కోసమే వారం రోజులుగా ముద్ద దిగలేదు నాకు. తీరా వింటే చంకలో పాపతో ఆ ముసలామె గుర్తొచ్చింది.

పోతులయ్య నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వాడు స్పానరు తీసుకుని వెనక చక్రం కిందికి దూరాడు.

"అంతా బాగుండాది కదా, మళ్ళా ఏం పని?" అన్నాడు సావుకారు.

"బ్రేకులు బిగిస్తాండాడు," అన్నాను. "రేపటికి మూడు గ్యాలన్లు సాలవు, సావుకారూ."