అద్దం తుడిచే మనిషి

"నా ఏలికీ మిషనుకీ మధ్య నీ సెయ్యేటి బాబూ?"

వాట్‌గంజ్ రేషను షాపులో అప్పమ్మ గొంతు ఖంగుమంది.

వరసలో ఆమె వెనకున్న గళ్ల లుంగీ బెంగాలీ మనిషి నవ్వాడు. "అద్దం మురికిగా ఉంది మాషీ. తుడుస్తున్నా."

"నీకు నేను పిన్నినేటి? మాషీ నేదు గీషీ నేదు. సెయ్యి తియ్యి!"

ఆరు నెలలుగా ఇదే తంతు. అప్పమ్మ బొటనవేలు పెడుతుంది. మిషను ఒప్పుకోదు. ఇంతలో ఇతగాడు వెనకనుంచి చెయ్యి చాపి బొటనవేలితో అద్దం రుద్దుతాడు. ఆమె వేలు మళ్లీ ఆనీ ఆనకముందే మిషను కూత పెడుతుంది.

"సూసినారా? నా ఏలే నాకు కూడెడతాది!" అని అప్పమ్మ వరసంతటికీ వేలు చూపిస్తుంది.

ఆ వేలంటే ఆమెకు మహా గర్వం. నలభై ఏళ్లు గోనెసంచులు కుట్టి బతికింది. దబ్బనం పట్టీ పట్టీ వేలి మీద గీతలన్నీ అరిగిపోయాయి.

అంతకుముందు మూడు నెలలు ఆమెకు బియ్యమే రాలేదు. డీలరు హరిచరణ్ నచ్చజెప్పబోయాడు.

"చట్టం ప్రకారం నెలకి ఐదు కిలోలు నీ హక్కు మాషీ. నీ వేలు పడకపోతే నీ బదులు ఇంకొకరు వేయొచ్చు. ఎవరి పేరైనా రాయించు."

"హక్కు నాదైతే ఏలూ నాదే. పరాయోడి ఏలితో వచ్చిన కూడు నాకొద్దు."

వారం పోయాక హరిచరణే, "కొత్తగా రాసుకోవాలట," అని ఓ కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ నెల నుంచి మిషనుకి బుద్ధొచ్చింది.

బుద్ధి రానిదల్లా ఆ లుంగీ మనిషికే. ఓసారి అప్పమ్మ అతని చేతి మీద ఒక్కటి వేసింది కూడా. అతను చెయ్యి దులుపుకుని నవ్వాడంతే.

ఈ నెల వరసలో అతను కనబడలేదు.

పీడా పోయిందనుకుని అప్పమ్మ హాయిగా వేలు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. కొంగుతో అద్దం తుడిచి మళ్లీ పెట్టింది. ఉహూ.

"ఏడీ ఆ తుడిసేవోడు? పనున్నప్పుడే ఉండడు!"

అందరూ నవ్వారు. హరిచరణ్ నవ్వలేదు.

"మృత్యుంజయేనా? కూతురి దగ్గరికి సంత్రాగాఛి వెళ్లిపోయాడు. కార్డు కూడా అక్కడికే మార్చుకున్నాడు."

"అయితే నాకేటి? నా బియ్యం నాకియ్యి."

"ఇంకొకరి పేరు రాయించాలి మాషీ."

వెనకనుంచి పక్కింటి మేరీరాణి అందుకుంది. "నా పేరు రాయించు అత్తా. ఏలే కదా, అరిగిపోద్దేటి?"

"అక్కర్నేదే. ఇన్నాళ్లూ నా ఏలితోనే తెచ్చుకున్నాను."

హరిచరణ్ సొరుగులోంచి, అప్పట్లో ఆమె వేలిముద్ర వేయించుకున్న కాగితం తీసి ముందు పెట్టాడు. అందులో రెండు ముద్రలున్నాయి. ఒకటి గీతల్లేని నల్లమచ్చ. రెండోదాంట్లో గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"ఈ మచ్చ నాది. ఇదెవరిదే?" అంది అప్పమ్మ.

మేరీరాణి బెంగాలీ అక్షరాలు కూడబలుక్కుంది. "నీ బదులు ఏలేసేది... మృత్యుంజయ మండల్."

అప్పమ్మ ఆ గీతల మీద వేలు పెట్టింది. ఆ చేతినే తను కొట్టింది. కళ్లు చెమర్చాయి, నవ్వూ వచ్చింది.

"దొంగ సచ్చినోడు! నా మాట పోనియ్యకుండా, నన్ను పస్తుంచకుండా..."

కొంగుతో ముఖం తుడుచుకుంది.

"రాయి బాబూ, మేరీరాణి పేరు. సంత్రాగాఛి బస్సు ఏడ ఎక్కాలో అది కూడా సెప్పు."

వారం తిరిగాక అప్పమ్మ బియ్యం కోసం మేరీరాణి అద్దం మీద వేలు పెట్టగానే మిషను కూసింది, అతను తుడిచినప్పుడల్లా కూసినట్టే.