కరీంనగర్‌ల కనవడుతదా?

"సార్, గిది నా ఫోటో! గీడికెట్ల వచ్చింది?"

సరిత చేతిలోని తుడుపు గుడ్డ జారి కింద పడింది. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో, మూడో అంతస్తు ఆఫీసులో బల్లలు తుడవడం ఆమె పని. కంప్యూటర్ల మీద రోజూ ఏవేవో బొమ్మలు కదులుతుంటాయి, ఆమె పట్టించుకోదు. ఇవాళ మాత్రం మేనేజరు రామ్మోహనరావు గారి ముందున్న తెర మీద ఒక ఫోటో పైనుంచి కిందికి నెమ్మదిగా, గీత గీతగా దిగుతోంది. మొదట పాపిడి, తర్వాత నుదురు, ఆ తర్వాత కళ్ళు. ఆ కళ్ళు తనవే! పక్కన కొత్త గౌను వేసుకుని బిక్కమొహం పెట్టింది తన కూతురు కళ్యాణి.

రామ్మోహనరావుది కాకినాడ. మెత్తని మనిషి. పనిమనిషి తన కంప్యూటర్లోకి తొంగి చూసిందని కోపగించుకోలేదు సరికదా, సంబరపడిపోయాడు.

"అరె, మీరేనా అమ్మా! జనం ఫోటోలన్నీ ఇంటర్నెట్‌లో దాచిపెట్టడమే కదా మన కంపెనీ పని. ఇక ఆల్బమ్‌లు కొనక్కర్లేదు, చెదలు పడతాయన్న భయం లేదు. నమూనాగా చూపించడానికి స్టూడియోల దగ్గర మంచి మంచి ఫోటోలు తీసుకున్నాం. ఇది ఇక్కడే, కొత్తగూడ స్టూడియో అతను ఇచ్చాడు."

"నన్నొక్క మాటన్న అడగొద్దా సార్?"

ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. ఫోటో బాగుంది, పెట్టారు. పైగా దమ్మిడీ ఖర్చు లేకుండా పెట్టారాయె!

"మీ పేరు కూడా వెయ్యలేదమ్మా. కింద 'హైదరాబాద్' అని ఊరి పేరొక్కటే ఉంది. దీన్ని ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు తెలుసా? అమెరికాలో కూడా కనబడుతుంది!"

"అమెరికా నాకెందుకు సార్. కరీంనగర్‌ల కనవడుతదా?"

"భేషుగ్గా!"

సరిత ఉన్నచోటే కూలబడింది. రామ్మోహనరావు కంగారుగా కుర్చీలోంచి లేచాడు.

"మా ఆయన ఆడనే ఉంటడు సార్. ఆయన సోపతిగాడు కంప్యూటర్ సెంటర్ పెట్టిండు. పొద్దంత ఇద్దరు ఆడనే కూసుంటరు." ఆమె ఎడమ చేయి ముందుకు చాపింది. మోచేతి దగ్గర ఎముక వంకరగా అతుక్కుని ఉంది. "గిది ఇరగ్గొట్టింది ఆయనే. బిడ్డ మీదికి కత్తిపీట లేపిననాడు పిల్లనెత్తుకోని బయటవడ్డ. మా అవ్వకు సుత నేనేడున్ననో చెప్పలె. జాడ దొరికిందంటే నన్ను బతకనియ్యడు సార్. బిడ్డను గుంజుకపోతడు."

రామ్మోహనరావు ఆ వంకర మోచేతిని చూసి గబుక్కున చూపు తిప్పుకున్నాడు. ఆయన ఇంట్లోనూ ఆడపిల్ల ఉంది.

"ఎంత పని జరిగిందమ్మా! ఉండండి, ఇప్పుడే తీయించేస్తాను."

గబగబా ఏవో మీటలు నొక్కాడు. మధ్యలో ఆగి తల గోక్కున్నాడు.

"ఒక్క సంగతి. రేపు ఎవరో వచ్చి, పరాయివాళ్ళ ఫోటో చూపించి తీసెయ్యమంటే చిక్కే కదా. అందుకని అడిగినవాళ్ళ పేరూ చిరునామా కొడితేనే ఇది ఫోటోని వదులుతుంది. ఎక్కడుంటారమ్మా మీరు?"

సరిత తలుపు వైపు చూసింది. తోటి పనివాళ్ళకు కూడా చెప్పని మాట అది. ఎవరైనా అడిగితే ఏదో ఒక బస్తీ పేరు చెప్పి తప్పించుకునేది.

"ఎవ్వలకు చెప్పరు గద సార్?"

"నా నోటివెంట ఒక్క ముక్క బయటికి రాదు. నా పిల్ల మీదొట్టు."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. సరిత గొంతు తగ్గించి చెప్పింది. హఫీజ్‌పేట్, రైల్వే స్టేషన్ వెనక గల్లీ, లచ్చమ్మ ఇంట్లో కిరాయి అర్ర. ఆయన ఒక్కొక్క అక్షరమే కొట్టి, చివరి మీట నొక్కి, ఊపిరి బిగబట్టి చూశాడు. తెర ఒకసారి తెల్లగా మారి, మళ్ళీ పైనుంచి కిందికి నిండసాగింది. తల్లీ లేదు, పిల్లా లేదు. ఫోటో ఉన్నచోట తెల్లటి గడి ఒకటి, అందులో రెండు మూడు వరుసల ఇంగ్లీషు మిగిలాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు. ముఖాలు పోయాయి, అంతే చాలు.

"మీ కడుపు సల్లగుండ సార్!" అని రెండు చేతులూ జోడించి భోరున ఏడ్చింది. ఆయనా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇక ఫికర్ లేదమ్మా," అన్నాడు, ఇక్కడికొచ్చాక నేర్చుకున్న మాటతో.

నిజంగానే ఆ వారమంతా సరిత కంటినిండా నిద్రపోయింది. ఎన్నడూ ఒంటరిగా గడప దాటనివ్వని కళ్యాణిని గల్లీలో పిల్లలతో ఆడుకోనిచ్చింది. లచ్చమ్మ కూడా చూసి, "ఏం బిడ్డా, మొఖం కళకళలాడుతుంది!" అని నవ్వింది.

ఆదివారం పొద్దున సరిత కూతురికి జడ వేస్తుంటే గుమ్మంలో నీడ పడింది. తలెత్తి చూసింది. చేతిలోని దువ్వెన అక్కడే ఆగిపోయింది. కళ్యాణి చప్పున తల్లి వెనక్కి నక్కి కొంగు పట్టుకుంది.

ఆమె మొగుడు రాజేందర్ తీరిగ్గా చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"ఫోటోనైతే చూసిన గని, గింత పెద్ద హైద్రాబాద్‌ల ఏడని దేవులాడాలె అని నెత్తి పట్టుకున్న," అన్నాడు, తలుపు గడియ పెడుతూ. "అంతల నువ్వే దాన్ని తీపిచ్చినవ్. తీసిన జాగల, ఎవ్వలు తియ్యమన్నరో, ఏ గల్లీల, ఎవ్వలింట్ల ఉంటరో, అంత సక్కగ రాసి పెట్టిండ్రు సరితా."