పీఛే ముడ్

“కాగితంలో రాసింది రాసినట్టు సదువు ఓబులేసూ. ‘పక్క దేశంతో యుద్ధమే గావాల’ అని నేనంటే నవ్వుతారు. మిలిట్రీలో పదిహేడేండ్లు జేసినోడివి, నువ్వంటే నమ్ముతారు,” అన్నాడు పార్టీ నాయకుడు జయరామిరెడ్డి.

ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర ప్రచారం జీపు ఆగి ఉంది. చుట్టూ జనం. జీపు మీదినుంచి దిగడానికి సందు లేదు.

“నేను సదవలేనన్నా.”

“నీకు జడ్పీటీసీ టికెట్టు ఇచ్చిందే అందుకప్పా! సదవకపోతే ఈడనే ఇంకొకని పేరు చెప్తా.”

కింద ముందు వరసలో “యుద్ధం! యుద్ధం!” అని అరుస్తున్నవాళ్లు ఓబులేసు దగ్గర డ్రిల్లు నేర్చుకునే ఊరి పిల్లలే. మిలిట్రీ సెలక్షన్లకని రోజూ పొద్దున శిరివెళ్ల రోడ్డు మీద వాళ్లను పరుగెత్తిస్తాడు. వాళ్ల వెనక తల్లులు నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

ఓబులేసు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మైకు అందుకున్నాడు.

“సావధాన్!”

పిల్లలు అరుపులు ఆపి నిటారుగా బిగుసుకున్నారు.

“పీఛే ముడ్!”

రోజూ చేసే డ్రిల్లే. అందరూ ఒక్కసారే మడమల మీద వెనక్కి తిరిగారు. ఎదురుగా తల్లులు.

“ఇప్పుడు మీయమ్మ మొగం జూసి అరవండప్పా, యుద్ధం గావాలని!”

చప్పట్లు ఆగిపోయాయి. ఒకామె చేయి చాచి కొడుకు చొక్కా పట్టుకుంది.

“ఏందప్పా ఇది? విశ్రామ్ అను! వాళ్లను ఇటు తిప్పు!” జయరామిరెడ్డి పళ్లు కొరికాడు.

విశ్రామ్ అనేదాకా ఆ పిల్లలు కదలరు.

ఓబులేసు అనలేదు.