ఎత్తు లేచిన అంబాసిడర్

"ఖాళీ బండిని వెనకపక్క ఇంత ఎత్తు ఎందుకు లేపినావప్పా?" అని ఎస్సై ధనశేఖర్‌ను అడిగాడు.

యాభై ఏళ్ల నాటి అంబాసిడర్ అది, ఆయనకు ప్రాణం. చిత్తూరులో మెకానిక్ జోయల్ షెడ్డులో వెనక చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలకు అదనంగా ఇనప పట్టీలు వేయించుకుని తిరుపతికి తిరిగొస్తుంటే చెక్‌పోస్టులో ఆపేశారు. ఎర్రచందనం దుంగలు ఎక్కిస్తే బండి వెనక కుంగుతుంది. అది కనబడకుండా దొంగలు ముందే కమాన్ కట్టలు బలంగా వేయించుకుంటారట. డిక్కీ తీసి చూశారు, సీట్లు ఎత్తి చూశారు. స్టెప్నీ తప్ప ఏమీ దొరకలేదు. అయినా ఎస్సై వదల్లేదు. ఇప్పుడు ఖాళీగా పోయి తర్వాత నింపుకొస్తావేమో, ఎవరికి తెలుసన్నాడు.

ఇక లాభం లేదని ధనశేఖర్ ఆయన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెవిలో చెప్పాడు. ప్రతి శనివారం తన భార్య శకుంతలమ్మ, ఆమె అక్క, చెల్లెలు వెనక సీట్లో కూర్చుని అలిపిరికి వస్తారు. ముగ్గురూ దిట్టమైన మనుషులు. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే చాలు, బండి అడుగు గీరుకుపోతుంది. అందుకని ఈ పట్టీలు.

ఎస్సై నవ్వలేదు. "అట్లయితే ఆయమ్మనే పిలిపించు. ఆమె గూడా ఇదే చెప్తే పోదువు. మాట మారిందా, కేసు పెడతా."

పాపం, ధనశేఖర్ ఇంట్లో చెప్పింది వేరు. రోడ్డంతా గుంతలు, అందుకే కమాన్ కట్టలు చూపించుకొస్తానని చెప్పి బయల్దేరాడు. ఇప్పుడు ఆమె గుంతలు అంటే తనకు లాకప్పు. ఎస్సై నోటి వెంట బరువు అన్న మాట వస్తే ఇంట్లో బతుకు లేదు. రెంటిలో ఏది నయమో ఆయనకే తేలలేదు.

శకుంతలమ్మ ఆటో దిగింది. ధనశేఖర్ తల వంచుకున్నాడు. బండిని ఎందుకు లేపారని ఎస్సై ఆమెను అడిగాడు.

ఆమె అంబాసిడర్ వెనక్కి వెళ్లి ఓసారి చూసి వచ్చింది. "మా ఇండ్లల్లో ఆడోళ్లం కొంచెం బరువు సార్. మేమెక్కితే కింద తగల్తాండాది. అందుకే పట్టీలు ఏయించినాము."

ఎస్సై అప్పుడు నవ్వాడు. తాళం చేతికిచ్చి పొమ్మన్నాడు.

ధనశేఖర్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెక్‌పోస్టు దాటాడు. ఈమెకు ఎట్లా తెలిసిందో, తెలిసీ కోపం ఎందుకు రాలేదో అంతు పట్టలేదు గానీ, అంత ప్రేమ ఆయనకు పెళ్లినాడు కూడా పుట్టలేదు. నిజం ఒప్పేసుకుందామనిపించింది.

"శకుంతలా, గుంతలని నీకు అబద్ధం చెప్పినా. కానీ జోయల్‌కు నేను ఒక్కో పక్క ఒక్క పట్టీనే ఏయమన్నా. వాడు రెండ్రెండు ఏసి బండిని తేలు మాదిరి లేపినాడు. లేకుంటే మనల్ని ఎవురాపుతారు?"

శకుంతలమ్మ కొంగు సర్దుకుంది.

"జోయల్‌కు నేను గూడా ఫోన్ చేసినాలే. మా అక్కచెల్లెళ్ల కోసం మీరు ఒకటి చెప్పినారంట. మీ అక్కచెల్లెళ్లు గూడా ఎక్కుతారు గదా, ఇంకోటి ఏయమని నేను చెప్పినా."